మంత్రాంగము, వాగ్మిత: ఎడ్మండు బర్కు

మంత్రికి రెండు ధర్మములని నీతిజ్ఞులు చెప్పుదురు. కార్యము నాలోచించి ప్రభువునకు హితము చెప్పుట మొదటిది. నిశ్చితమైన కార్యమును నిర్వహించుట రెండవది. ఈ రెండు శక్తులకును దోడుగా రచనాశక్తియు నొక్కనియందే యుండుట మిక్కిలి యరుదు. అట్టిది మన యాంధ్రసారస్వతమునఁ గలదు. క్రీ. శ. 13వ శతాబ్దమున మనుమసిద్ధి నెల్లూరి నేలునాఁడు తిక్కనసోమయాజి యాతని యాస్థానమున మంత్రియై యుండెను. ఆయన యుద్యోగపర్వము నందలి రాయబారములు చదువువారికి, రాజసభలలో మాట యెట్లు పుట్టునో, ఎట్లు తాఁకునో, ఎట్లు వమ్మగునో కన్నులారఁ జూచినవాని రచన యది యని తోఁపకమానదు. మంత్రాంగము కావ్యమునకుఁ జేసిన మేలు అది.

ఆంగ్లసారస్వతమున నిట్టి పరీక్షకుఁ దగినవాఁడు ఎడ్మండు బర్కు. ఆతఁడు మొదట నొక ప్రభువునకు ఆలోచనకర్త, పిదప శాసనసభ్యుఁడు, కడపట ఉపమంత్రి. పార్లమెంటునందు 28 ఏండ్లకుఁ బైగాఁ గూర్చుండెను. అందు అధికారమున నున్నకాలము రెండు విడుతలును గలిపిన సుమారొక సంవత్సరము. ఆ యధికారమైనను కాబినెట్టునఁ జోటులేని పదవి. ఆతని తలపై నుండి పెద్దపదవుల కెక్కినవారి యుపన్యాసములు పెక్కింటిని నేఁడు చరిత్రకారులు తప్ప నితరులు చదువరు. ఆతని యుపన్యాసములు మాత్రము సాహిత్యమై నిలిచినవి. దీనికిఁ గారణము శబ్దాడంబర మని పలువురు తలంతురు. అది సరి కాదు. ఆతని వాక్కు తుదివఱకును ఆలోచనకర్త వాక్కుగానే యుండుటయే యసలు కారణము. ఆతని గుణములును, దోషములును ఆ యొక్క మూలము నుండియే పుట్టినవి.

బర్కు 1729లో ఐర్లండునందలి డబ్లినునఁ బుట్టెను. తండ్రి న్యాయవాది, ప్రొటెస్టంటు, తల్లి కతోలికమతస్థురాలు. ఒక్క యింట రెండు మతములను జూచి పెరిగినవాఁడగుటచే, చట్టము ఒక మతమువారిని నొక్కివేయుట యెట్టిదో యాతనికి గ్రంథములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను. డబ్లినునందలి ట్రినిటీ కళాశాలలోఁ జదివి, 1750లో న్యాయశాస్త్రాభ్యాసమునకై లండను చేరెను. కాని యావృత్తి రుచింపక గ్రంథరచనకుఁ దిరిగెను. 1757లో ఉదాత్తసౌందర్యభావముల మూలమును విచారించు లక్షణగ్రంథమును వెలువరించెను. 1758 నుండి, ఏఁటేఁట జరిగిన దేశదేశముల వృత్తాంతములను సంగ్రహించు ‘యాన్యువల్ రిజిస్టరు’ అను పత్రికకు సంపాదకుఁడయ్యెను. ఈ రెండు పనులను గుఱుతుంచుకొనవలయును. ఒకటి భావమునకుఁ జేసిన సాధన. రెండవది వాస్తవమునకుఁ జేసిన సాధన. ఆతని యుత్తమరచన యంతయు నీ రెండింటి సంగమము.

1759లో ఆతఁడు విలియం జెరార్డు హామిల్టను అను రాజకీయవేత్తకు సహాయకుఁడయ్యెను. ఈ హామిల్టను 1755లోఁ జేసిన యొక్క యుపన్యాసముచేతఁ బ్రసిద్ధికెక్కి ‘ఏకోపన్యాసపు హామిల్టను’ అను పరిహాసనామము మోసినవాఁడు. ఆతని వెంట బర్కు ఐర్లండు వెళ్లెను. 1763లో 300 పౌనుల సాలువృత్తియుఁ బొందెను. కాని హామిల్టను ఆతని కాలమునంతయుఁ దనకే ధారపోయుమని కోరెను. స్వతంత్రరచనకు వ్యవధి నొసఁగఁడయ్యెను. 1765లో బర్కు ఆ కొలువును విడిచి, వృత్తిని గూడ వదలుకొనెను. ఆలోచనము నొసఁగుట వేఱు, ఆత్మ నమ్ముకొనుట వేఱు అను వివేకము ఆతని జీవితమున మొదట నిచటఁ గానవచ్చుచున్నది.

ఆ యేఁడే జులై మాసమున రాకింగుహాము ప్రభువు ప్రధానామాత్యుఁడై బర్కును ఆంతరంగిక కార్యదర్శిగాఁ గైకొనెను. ఆ ప్రభువు సత్యసంధుఁడు, ధనికుఁడు. సభలో నోరు విప్పుటకు వెనుదీయువాఁడు. ఆతనికి వలసినది మాట. బర్కునకు వలసినది ఆ మాటకుఁ జోటు. డిసెంబరు మాసమున వెండోవరు అను చిన్న నియోజకవర్గము నుండి, దానిని గుప్పిట నుంచుకొనిన వెర్నీప్రభువు దయచే, బర్కు శాసనసభ్యుఁ డయ్యెను. 1766 జనవరిలో అమెరికా వలసలపై విధింపఁబడిన స్టాంపుచట్టమును రద్దుచేయవలె నను చర్చలోఁ బ్రథమోపన్యాసము చేసి ప్రశంసలందెను. ఆ సంవత్సరము జులైలోనే మంత్రివర్గము కూలెను. పిదప 1782 వఱకు, అనఁగాఁ బదునాఱేండ్లు, ప్రతిపక్షమున నుండి హితము చెప్పుటయే యాతని వృత్తి యయ్యెను.

ఇచట నొక పూర్వపక్షము గలదు. ఆతని మిత్రుఁడగు గోల్డుస్మిత్తు 1774 నాఁటి ‘రిటాలియేషన్’ అను హాస్యకావ్యమున, లోకమునకెల్ల నుపయోగింపవలసిన ప్రతిభను బర్కు ఒక పక్షమునకు వెచ్చించెనని యాక్షేపించెను. ఈ యాక్షేపము చమత్కారయుక్తమేగాని సంపూర్ణసత్యము గాదు. 1770లో బర్కు ప్రకటించిన, నాఁటి యసంతుష్టులకుఁ గారణములను విచారించు గ్రంథము, పక్షము అనఁగా నేమో నిర్వచించినది. స్వలాభమునకై చేరిన గుంపు పక్షము గాదనియు, ఒకానొక సమ్మతసూత్రము ననుసరించి దేశహితమును సాధింపఁ గూడినవారే పక్షమనియు నందలి తాత్పర్యము. పక్షమునకు సూత్రము నొసఁగినవాఁడు పక్షమునకు బానిస యని చెప్పుట యెట్లు? లోకమునకు మాటాడుటకును సభలో నొక పీఠము కావలయును. ఆ పీఠము పక్షమే యిచ్చెను.

1774లో బ్రిస్టలు నగర మాతనిని బ్రతినిధిగా నెన్నుకొనెను. నవంబరు 3వ తేదీని ఆ నగరవాసులకుఁ గృతజ్ఞత చెప్పుచు, ప్రతినిధి తన శ్రమనే కాక తన వివేకమును గూడ నియోజకులకు ఋణపడియున్నాఁడనియు, వారి యభిప్రాయమునకుఁ దన వివేకమును బలి యిచ్చినచో ద్రోహి యగుననియు బోధించెను. ప్రజల కొలువునఁ జేరినవాఁడును ఆలోచనకర్తయే యగుచున్నాఁడు. ప్రభువు మాత్రమే మాఱినాఁడు. హామిల్టనుతో నెట్టి మాట యాడెనో, బ్రిస్టలు వర్తకులతోను నట్టి మాటయే యాడెను. ఫలము గూడ నట్టిదే. ఐర్లండు వర్తకమునకుఁ బెట్టిన కట్లు సడలింపవలె ననియు, కతోలికుల బాధలు తగ్గింపవలె ననియు నాతఁడు పట్టుపట్టఁగా నగరవాసులు కినిసిరి. 1780లో ఓటమి తప్పదని యెఱిఁగి యాతఁడు పోటీ విరమించెను. అటుపిమ్మట రాకింగుహాము చేతిలోనున్న మాల్టను నియోజకవర్గమే యాతనికి దిక్కయ్యెను. స్వతంత్రవివేకమును గూర్చి యింత ఘనముగాఁ జెప్పినవాఁడు, ఆ స్వాతంత్ర్యమును నిలుపుకొనుటకు నొక ప్రభువు చేతి స్థానమును నాశ్రయింపవలసివచ్చుట యాతని జీవితమునందలి విరోధాభాసము.

1782 మార్చిలో రాకింగుహాము మరల నధికారమునకు వచ్చెను. పదునేడేండ్లు పక్షమునకు బుద్ధియు నోరునై యుండినవానికి లభించినది సేనకు జీతముల సొమ్ము పంచు ‘పేమాస్టరు’ పదవి. కాబినెట్టున స్థానము లేదు. ఐరిషు జన్మము, ధనాభావము, కతోలికబంధుత్వము, తీక్ష్ణస్వభావము అని చరిత్రకారులు పలు కారణములు చెప్పుదురు. ఆ పదవి హోదాకుఁ జిన్నది, ఆదాయమునకుఁ బెద్దది. సేనకై వచ్చిన సొమ్ము ఖర్చగువఱకు పేమాస్టరు చేతిలోనే యుండెడిది. దానిపై వచ్చు వడ్డీతో హెన్రీ ఫాక్సు వంటివారు మహైశ్వర్యవంతులైరి. పెద్ద పిట్టు మాత్రము దానిని ముట్టఁడయ్యెను. బర్కు మఱియొక యడుగు ముందునకు వేసి, ఎవ్వరును ముట్టుకొనుటకు వీలులేకుండఁ జట్టము చేయించెను. సొమ్ము బ్యాంకునందుండవలెననియు, పేమాస్టరునకు 4,000 పౌనుల జీతమే యుండవలెననియు నిర్ణయ మయ్యెను. 1780లో మితవ్యయసంస్కరణమును గూర్చి ప్రతిపక్షమున నుండి చెప్పిన హితమును, అధికారము రాఁగానే తన జేబుపైనే ప్రయోగించిన మంత్రులు అరుదు.

అయినను ఆ చిన్న యధికారము నిర్మల మనరాదు. తమ్మునికిఁ గోశాగారకార్యదర్శి పదవియు, కుమారునికిఁ దన కార్యాలయముననే యుపపదవియు, బంధువగు విలియం బర్కునకు హిందూదేశమున సేనావేతనపు టుద్యోగమును ఇప్పించెను. 1783లో రెండవమాఱు ఆ పదవికి రాఁగానే, అవినీతికై తొలఁగింపఁబడిన పవెలు, బెంబ్రిడ్జి అను నిరువురు గుమాస్తాలను మరలఁ జేర్చుకొని సభలో నపహాస్యముపాలయ్యెను. ఆలోచించుట తెలిసినవానికి నిర్వహించుట తెలియవలెనన్న నియమము లేదు. 1782 జులై 1న రాకింగుహాము మరణించెను. బర్కు పదవి విడిచెను. 1783 ఏప్రిలులో ఫాక్సు, నార్తుల కూటమితో మరల వచ్చి, ఆతఁడే ప్రధానముగా రూపొందించిన ఈస్టిండియా బిల్లు ప్రభువులసభలో మూఁడవ జార్జి రాజు ప్రేరణచే వీగిపోఁగా, డిసెంబరులో నధికారము నుండి తొలఁగింపఁబడెను. ఉపమంత్రిత్వము అంతటితో సమాప్తము.

అధికార మంతమైన చోటనే ఆతని యుత్తమవాఙ్మయము మొదలగుట గమనింపఁదగినది. 1785 ఫిబ్రవరి 28న, ఆర్కాటు నవాబు అప్పులను గూర్చి పత్రములు సభ యెదుట నుంచవలె నని ఫాక్సు తెచ్చిన తీర్మానముపై బర్కు చేసిన యుపన్యాసము ఆంధ్రుల కొక విధముగాఁ దమయింటి కథ. అప్పటి నెల్లూరుసీమ, తిక్కన మంత్రిత్వము చేసిన యా సీమ, ఆర్కాటు నవాబగు మహమ్మదాలీ యేలుబడిలోనిదే. ఆ నవాబు కంపెనీయుద్యోగులయొద్ద నధికవడ్డీలకు అప్పులు చేసెననియు, అందుఁ బెక్కు కేవలము కాగితములపైఁ బుట్టినవనియు బర్కు వాదము. 1784లో నాఁటి ప్రభుత్వము ఆ ఋణములను విచారణ లేకయే యంగీకరించి, తీర్చుటకై ఏఁటేఁట పండ్రెండు లక్షల వరహాలు రాఁబడి నుండి యేర్పాటు చేసెను. ఋణదాతలలో ముఖ్యుఁడు పాలు బెన్ఫీల్డు. ఆ వడ్డీసొమ్మే పార్లమెంటు స్థానములను గొనుచున్నదనియు, ఆ స్థానములే మరల నప్పులను గాపాడుచున్నవనియు బర్కు నిరూపింపఁబూనెను.

ఈ యుపన్యాసమునఁ బాఠ్యగ్రంథములు తఱచుగా నేరి చూపు ఘట్టము 1780లో హైదరాలీ కర్ణాటకముపైఁ బడుటను వర్ణించునది. కొండల నాశ్రయించియుండి యొక్కమాఱుగా మైదానముపై విరుగు కాఱుమబ్బు ఆ దండునకు ఉపమానము. పిదప నగ్ని, పలాయనము, కఱవు వరుసగా వచ్చును. కఱవు పరాకాష్ఠకు రాఁగానే వక్త వర్ణనము నాపి తెఱ దించును. 1757 నాఁటి తన లక్షణగ్రంథమున, భయము ఉదాత్తభావమునకు మూలమనియు, స్పష్టతకంటె అస్పష్టతయే యా భావమును బెంచుననియు నాతఁడు చెప్పియుండెను. ఆ లక్షణమునకు ఇరువదియెనిమిదేండ్ల తరువాత లక్ష్యము దొరకినది. మఱుఁగుపఱచుటచేతనే కఱవు చదువరి మనస్సునఁ బెరుగును. బీభత్సమును విప్పి చెప్పినచో జుగుప్స మిగులును. కప్పి చెప్పినచోఁ గరుణ పుట్టును. ఔచిత్య మెఱిఁగిన మన యాలంకారికులు దీనిని మెచ్చకుండరు.

కాని యా యుపన్యాసమున నింతకంటె గొప్ప ఘట్ట మొకటి గలదు. అది చెఱువులను గూర్చినది. చెన్నపట్టణపు టిరుగుపొరుగులందలి కంపెనీ జాగీరు పటమును ముందుంచుకొని, బర్కు అందలి చెఱువులను స్వయముగా లెక్కించెను. అవి పదునొకండు నూఱులకుఁ బైబడినవి. రెండుమూఁ డెకరముల కుంట మొదలు అయిదుమైళ్ల చుట్టుకొలతగల తటాకమువఱకు నందున్నవి. కర్ణాటక తంజావూరు దేశములలోఁ బెద్దవియు మధ్యరకమువియు పదివేలకుఁ దక్కువ యుండవని యాతని యంచనా. కట్టలు మట్టితోను ఱాతితోను నెట్లు వేయుదురో, తూములు గట్టితాపీపనితో నెట్లు నిలుపుదురో, ఏఁటేఁట మరమ్మతు లేనిచో నేమగునో వివరించును. అటుపిమ్మటనే యొక్క వాక్యమున స్వరము పైకెత్తి, వీనిని గట్టించినవారు తమ తరమును దాఁటి రాఁబోవు తరములను గూడ బిడ్డలుగాఁ దలంచిన ప్రభువులని కీర్తించును.

ఇచటి నిర్మాణమును జూడవలయును. మొదట సంఖ్య, పిదప శిల్పము, పిదప వ్యయము, చివరకు భావము. రాఁబడి ఋణదాతలకుఁ బోయినచోఁ గట్టకు మట్టి వేయుటకుఁ గాసు మిగులదు. కట్ట తెగినచోఁ బైరు లేదు. పైరు లేనిచో రాఁబడియే లేదు. కావున అప్పుపత్రమునకును ఎండినపొలమునకును గల కార్యకారణసంబంధము ఆ చెఱువు రూపమునఁ గన్నులకుఁ గట్టుచున్నది. అలంకారము వెలుపలి నుండి తెచ్చి యతికినది గాదు. లెక్కయే పండి యలంకార మయ్యెను. మేఘోపమానము ఏ దేశమునందలి దండునకైనఁ జెల్లును. చెఱువుల ఘట్టము ఈ దేశమునకే, ఈ వాదమునకే చెల్లును. కావున నిదియే యుత్తమము.

తెలుఁగువానికి దీనియందు మఱియొక యానందము గలదు. మన పూర్వులు సప్తసంతానములని పుత్రుని, తటాకమును, కృతిని, దేవాలయమును, వనమును, నిధిని, అగ్రహారమును జెప్పిరి. చెఱువును సంతానముగా నెంచిన జాతికి బర్కు భావము పరాయిది గాదు. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము, క్రీ. శ. 1369 నాఁటిది, చెఱువునకుఁ గావలసిన పండ్రెండు అంగములను, తొలఁగింపవలసిన యాఱు దోషములను లక్షణగ్రంథమువలె నిరూపించుచున్నది. హిందూదేశమున నెన్నఁడు నడుగిడనివాఁడు, కమిటీపత్రములు, పటములు, సాక్ష్యములు మాత్రమే చదివినవాఁడు, ఆ శాసనకర్త హృదయమునకు ఇంత చేరువకు వచ్చుట శ్రమ చేసిన యద్భుతము. 1781లో నియమింపఁబడిన హిందూదేశవిచారణసంఘమున నాతఁడు చేసిన చాకిరియే దీనికి మూలము.

దోషములు లేవా? కలవు. విలియం బర్కు తంజావూరు రాజునకుఁ బ్రతినిధియై యుండెను. ఆ రాజునకును ఆర్కాటు నవాబునకును వైరము. బర్కునకు నందిన సమాచారము కొంత యా వైపు నుండి వచ్చినదే. హైదరాలీ దండయాత్రకు ఋణదాతల దురాశయే మూలమన్నట్లు చెప్పుటయు నతిసంక్షేపము. 1769 సంధి ప్రకారము సాయము రాలేదను కోపమును, 1779లో ఇంగ్లీషువారు మాహేను బట్టుకొనుటయు నందుఁ బ్రబలకారణములు. ప్రతివాదులను దిట్టుటలో నాతని నాలుకకుఁ గట్ట లేదు. అయినను ఆతని ముఖ్యవాదము కాలముచే నిలిచినది. నవాబుపై నటుపిమ్మట మోపఁబడిన యప్పులను 1805 మొదలు విచారించిన సంఘము అందు మిక్కిలి కొద్దిభాగమే నిక్కమని తేల్చెను.

ఆలోచనకర్త వాక్కునకు బలము వాస్తవమనుటకు వ్యతిరేకదృష్టాంతము 1790 నవంబరులో వెలువడిన ఫ్రెంచివిప్లవవిమర్శనము. అందు రాజకీయదూరదృష్టి యున్నది. సేన నాకర్షించు నాయకుఁ డొకఁడు తుదకు సర్వాధిపతి యగునని ముందే చెప్పెను. కాని రాణిని గూర్చిన ప్రసిద్ధఘట్టమున లెక్కలు లేవు, పటములు లేవు. ఫ్రెంచిరైతు మోసిన పన్నుల బరువు లేదు. చెఱువుల ఘట్టమున వేళ్లనుండి పూచిన యలంకారము ఇచట మాలకట్టిన పువ్వువలె నున్నది. 1791లో టామసు పెయిను చేసిన ఖండనములో నీ ఘట్టమును గుఱిచేసికొనుట న్యాయమే. కర్ణాటకపు రైతు కఱవును అన్నివేల మైళ్ల దూరమునుండి కన్నవాఁడు, కాలువకు ఆవలనున్న రైతును గానకపోవుట కారణము లేనిది గాదు: మొదటిదానికిఁ బత్రములు చదివెను, రెండవదానికి మనస్సునే చదివికొనెను.

ఇంత వాగ్మి సభలో నేల గెలువఁడయ్యె నను ప్రశ్నకును ఉత్తర మిందే యున్నది. 1775 మార్చి 22న అమెరికాతో సంధి చేసికొనుఁడని చేసిన యుపన్యాసమునకు 78 మంది యనుకూలురు, 270 మంది ప్రతికూలురు. ఆర్కాటు తీర్మానమును వీగిపోయెను. ప్రధానామాత్యుఁడగు చిన్నపిట్టు సమాధానమైనఁ జెప్పఁడయ్యెను. వారన్ హేస్టింగ్సుపై 1788లో నారంభమైన మహాభియోగము 1795లో నిర్దోషిత్వపుఁ దీర్పుతో ముగిసెను. బర్కు లేచెననఁగా భోజనమునకు గంట మ్రోగె నని సభ్యులు పరిహసించువారు. సభ కోరునది నిర్ణయము. ఆలోచనకర్త యొసఁగునది కారణములు. ప్రభువు నేకాంతమున విశ్రాంతిగాఁ గూర్చుండఁబెట్టి చెప్పవలసిన హితమును, ఆకలిగొన్న సభకు గంటలకొలఁది వినిపించిన నెవరు విందురు? అచ్చుపడిన పుటయందు మాత్రము ఆ యేకాంతము దొరకును. ప్రతిచదువరియు నాతనికి రాకింగుహామే యగును. ఆతఁడు తన యుపన్యాసములను స్వయముగా దిద్ది ప్రకటించుటలోఁ జూపిన శ్రద్ధకు నిదియే యర్థము.

కావున విద్యార్థులకు బర్కును బోధించువారు మేఘమునొక్కదానిని గంఠస్థము చేయించి విడువరాదు. ఆ పుటకు ముందు వెనుకలనున్న వరహాలను, వడ్డీలను, తూములను గూడఁ జదివింపవలయును. వాని కాయుపన్యాసము వర్ణన గాదు, హితోపదేశ మని తెలియును. వచనరచనకుఁ బూనువారికి నింతకంటె మేలైన పాఠము లేదు: చెప్పవలసినదాని నెఱుఁగుటయే చెప్పు నేర్పులో నధికభాగము.

1794లో బర్కు సభను విడిచెను. ఆ యాగస్టులోనే యేకైకపుత్రుఁడు మరణించెను. 1797 జులై 9న బీకన్సుఫీల్డునఁ దానును దేహము చాలించెను. పదవి నిలువలేదు; పుత్రుఁడు నిలువలేదు; గెలిచిన తీర్మానములు స్వల్పము. సప్తసంతానములలోఁ గృతి యొక్కటి నిలిచినది; ఆ కృతిలో పటముపై లెక్కించిన పదునొకండు నూఱుల చెఱువులును నిలిచియున్నవి.